పాత ఆటోమేటిక్ కారుతో ఘాట్ ఎక్కాలంటే: కింది గేరు సరిగ్గా పడేందుకు ఏది కొనాలి, ఏది కొనకూడదు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నారు. ముందొక బరువు లారీ ఆయాసపడుతూ పోతోంది. రెండు మలుపుల తర్వాత కాస్త తిన్నని రోడ్డు కనబడింది. యాక్సిలరేటర్‌ను నేలకు ఆనేదాకా తొక్కారు. ఇంజను గొంతు పెరిగింది, బండి వేగం మాత్రం పెరగలేదు. మూడో గేరు పట్టిన పట్టు వదలలేదు. లారీ పక్కదాకా వెళ్లి, ఎదురుగా బస్సు హారన్ వినబడగానే మళ్లీ వెనక్కి తగ్గారు.

ఆ రాత్రి ఇంటికి చేరగానే చాలామంది చేసే పని ఫోనులో విడిభాగాలు వెతకడం. షిఫ్ట్ కిట్లు, రాచెట్ షిఫ్టర్లు, నాలుగు గేర్ల బాక్సులు వరసగా కనిపిస్తాయి. ఏదీ చవక కాదు. నేనూ అలాగే వెతికాను. ఒడిశాలోని జయపురంలో ఉంటూ 1970 నాటి షెవ్రొలే ఇంపాలా నడుపుతాను. గేరు దిగడం లేదని ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బాక్సు దింపి లోపల అన్నీ మార్చాలన్నారు. మార్పించాను, డబ్బు కట్టాను, కారు తెచ్చుకున్నాను. ఘాట్ ఎక్కితే మళ్లీ అదే కథ. చివరికి తేలిందేమిటంటే, పాత యజమాని ఎప్పుడో కార్బురేటర్ మార్పించాడు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కింది గేరు పడేలా చేసే కిక్‌డౌన్ కేబుల్ కొన కొత్త కార్బురేటర్‌కు అతకలేదని దాన్ని ఒక గొట్టానికి తీగతో కట్టి వదిలేశారు. గేరుబాక్సుకు ఏ రోగమూ లేదు. దానికి కబురు అందడం లేదు, అంతే.

అందుకే ఈ పనిలో కొనడం చివరి మెట్టు. ముందున్న మెట్లు ఇవి.

బాక్సు పేరు తెలుసుకోండి

కారుకు వాలు లేని చోటు చూసి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, స్టాండ్ల మీద నిలిపి కిందికి దూరండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరూ దూరకూడదు. గేరుబాక్సు అడుగున ఉండే ఆయిల్ పాన్ ఆకారాన్ని, దాని బోల్టుల సంఖ్యను చూస్తే అమెరికన్ బాక్సుల్లో చాలావాటిని గుర్తుపట్టవచ్చు. ఒక మూల కోసిన చతురస్రంలా ఉండి 13 బోల్టులుంటే అది జనరల్ మోటార్స్ వారి టర్బో 350. 13 బోల్టులే ఉండి ఆకారం వంకరటింకరగా ఉంటే వాళ్లదే టర్బో 400. దీర్ఘచతురస్రానికి 14 బోల్టులు ఉంటే, కారు షెవ్రొలే అయితే, రెండు గేర్ల పవర్‌గ్లైడ్. 16 ఉంటే నాలుగు గేర్ల 700 ఆర్ 4. ఫోర్డ్ సీ4 కు 11, సీ6 కు 17. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్‌కు 14.

ఈ శ్రమ ఎందుకంటే, కింది గేరుకు దిగమని చెప్పే పద్ధతి ఒక్కో బాక్సులో ఒక్కోలా ఉంటుంది. టర్బో 350 లో ఆ పని కేబుల్‌ది. టర్బో 400 లో కరెంటుది. ఫోర్డ్, క్రైస్లర్ పాత బాక్సుల్లో ఇనుప కడ్డీది. ఒకదానికి పనికొచ్చే వస్తువు మరొకదానికి పనికిరాదు.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి తెలుసుకోండి

సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మా మామయ్యగారు దీన్ని త్రాసుతో పోల్చి చెప్పారు. గేరు మార్చే వాల్వ్ ఒక త్రాసు. ఒక పళ్లెంలో గవర్నర్ అనే, బండి వేగాన్ని పసిగట్టే భాగం పంపే ఆయిల్ ఒత్తిడి ఉంటుంది. అది బండి వేగంతో పాటు పెరుగుతూ పై గేరుకు నెడుతుంది. రెండో పళ్లెంలో స్ప్రింగు ఉంటుంది, ఇంజను ఎంత బరువు లాగుతోందో చెప్పే ఒత్తిడి కూడా ఉంటుంది. అవి రెండూ కింది గేరువైపు నెడతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కిక్‌డౌన్ చేసేది రెండో పళ్లెంలో ఇంకొక రాయి వేయడమే.

ఈ పోలిక వల్ల ఒక సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. వేగం మరీ ఎక్కువగా ఉంటే ఎంత తొక్కినా గేరు దిగదు, ఎందుకంటే గవర్నర్ పళ్లెం బరువెక్కి ఉంటుంది. అది లోపం కాదు, ఇంజను పగలకుండా కాపాడే ఏర్పాటు. వంద మీద పోతూ మొదటి గేరు పడలేదని ఫిర్యాదు చేసేవారిని నేను చూశాను.

లోపం ఎక్కడుందో రోడ్డు మీదే తేల్చండి

ఈ పరీక్షకు ఘాట్ వద్దు. తెల్లవారుజామున, చదునైన ఖాళీ రోడ్డు మీద చేయండి. బండి వేడెక్కాక మూడో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో పోతూ సెలెక్టర్‌ను, అంటే గేరు మీటను, చేత్తో 2 లోకి లాగండి. ఇంజను చప్పుడు పెరిగి, బండి వెనక్కి పట్టినట్టయితే రెండో గేరు పడినట్టే. ఇప్పుడు మళ్లీ డ్రైవ్‌లోకి తెచ్చి, అదే వేగంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి.

చేత్తో లాగితే పడి, కాలితో తొక్కితే పడకపోతే సంతోషించండి. గేర్లను పట్టి ఉంచే లోపలి క్లచ్‌లు, బ్యాండ్లు పనిచేస్తున్నాయి. తప్పు కేబుల్‌లోనో, స్విచ్‌లోనో, పెడల్‌లోనో ఉంది. రెండు విధాలా పడకపోతే, లేదా పడేటప్పుడు ఇంజను ఒక క్షణం వట్టిగా అరిచి తర్వాత పట్టుకుంటే, అది బాక్సు విప్పవలసిన పని. అలాంటి బాక్సు మీద కొత్త కిట్ వేయడం పుచ్చిన దూలానికి రంగు వేయడమే.

ఈ ఒక్క పరీక్ష నాకు ముందే తెలిసి ఉంటే, ఇందాక చెప్పిన బిల్లు కట్టేవాణ్ణి కాదు.

డబ్బు ఖర్చు లేని తనిఖీలు

మొదటిది పెడల్. ఇంజను ఆపి, ఇంట్లో ఒకరిని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమనండి. మీరు బానెట్ ఎత్తి కార్బురేటర్‌లోకి చూడండి. లోపలి పలకలు పూర్తిగా నిలువుగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కిక్‌డౌన్ రాదు, ఇంజను పూర్తి బలమూ రాదు. మా బంధువుల కారులో పెడల్ కింద ఒకదాని మీద ఒకటిగా రెండు మ్యాట్లు, వాటి కింద పాత కార్పెట్ ఉన్నాయి. అవి తీసేస్తే సగం జబ్బు పోయింది.

రెండోది ఆయిల్. ఇంజను వేడిగా తిరుగుతుండగా డిప్‌స్టిక్ తీయాలి. జనరల్ మోటార్స్ బాక్సులకు పార్క్‌లో, టార్క్‌ఫ్లైట్‌కు న్యూట్రల్‌లో చూడాలి. ఎర్రగా, శుభ్రంగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి.

మూడోది వ్యాక్యూమ్ మాడ్యులేటర్. ఇంజను ఎంత బరువు మోస్తోందో బాక్సుకు చెప్పేది ఇదే. టర్బో 350, 400 లలో ఇది కుడివైపు డబ్బాలా కనబడుతుంది, దానికి ఇంజను మానిఫోల్డ్ నుంచి సన్నని గొట్టం వస్తుంది. ఆ గొట్టం రబ్బరు కొనలు ఎండకు పగిలిపోతాయి. గాలి జొరబడితే గేర్లు ఆలస్యంగా, దెబ్బ కొట్టినట్టు పడతాయి. గొట్టం ఊడదీసినప్పుడు అందులో ఎర్ర ఆయిల్ కనబడితే మాడ్యులేటర్ లోపలి పొర చిరిగినట్టు. అప్పుడు ఇంజను ఆ ఆయిల్‌ను పీల్చి తెల్లపొగ వదులుతుంది. నేల మీద చుక్క పడకపోయినా ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. ఒకే బోల్టుతో ఊడివచ్చే వస్తువు ఇది, మార్చడం తేలిక.

ఇప్పుడు కొనుగోలు

టర్బో 350 ఉన్నవారికి కావలసింది మంచి కిక్‌డౌన్ కేబుల్, కార్బురేటర్‌కు సరిపోయే బ్రాకెట్. పాత పద్ధతి కేబుల్ చాలు. స్టీలు అల్లిక తొడుగు ఉన్నది కొంటే అందంగా ఉంటుంది, సవరణ తేలిక, ఎగ్జాస్ట్ వేడికి ఓర్చుకుంటుంది. కానీ గేరు దిగడంలో రెండింటికీ తేడా ఉండదు. నా సలహా: కేబుల్ మీద ఆదా చేసినా బ్రాకెట్ మీద చేయకండి. ఊగే బ్రాకెట్‌కు ఎంత ఖరీదైన కేబుల్ కట్టినా సవరణ నిలవదు. బిగించాక, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ తన ప్రయాణం చివరికి సరిగ్గా అప్పుడే చేరాలి. ముందే చేరితే కార్బురేటర్ పూర్తిగా తెరుచుకోదు, కేబుల్ సాగిపోతుంది. వెనకబడితే కిక్‌డౌన్ రాదు.

టర్బో 400 అయితే కేబుల్ మాట మరిచిపోండి. అందులో ఆయిల్ పాన్ లోపల సోలెనాయిడ్, అంటే కరెంటుతో కదిలే వాల్వ్, ఉంటుంది. దానికి 12 వోల్టుల కరెంటు అందితే గేరు దిగుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజను నడపకుండా పెడల్ పూర్తిగా తొక్కితే కింద టిక్కుమని వినిపించాలి. వినిపించకపోతే టెస్ట్ ల్యాంపుతో స్విచ్ నుంచి బాక్సు దాకా వెతుక్కుంటూ వెళ్లండి. స్విచ్‌ను పెడల్ దగ్గర పెట్టవచ్చు, కార్బురేటర్ దగ్గరా పెట్టవచ్చు. నేను పెడల్ దగ్గరే పెట్టమంటాను, వానకు తడవదు. ఫ్యూజు తప్పనిసరి.

జనరల్ మోటార్స్ వారి నాలుగు గేర్ల 700 ఆర్ 4, 200-4 ఆర్ బాక్సుల సంగతి వేరు, ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. వీటికీ ఒక కేబుల్ ఉంటుంది, చూడటానికి టర్బో 350 దానిలాగే ఉంటుంది. కానీ అది కిక్‌డౌన్‌తో ఆగదు. లోపలి ఆయిల్ ఒత్తిడిని ప్రతి క్షణం నిర్ణయించేది అదే. వదులుగా ఉంటే ఒత్తిడి చాలక క్లచ్ ప్లేట్లు జారి మాడిపోతాయి. కేబుల్ తగిలించకుండా ఇంటిదాకా పోనిద్దాం అనుకుంటే, ఇంటికి చేరేసరికి బాక్సు పోయి ఉండవచ్చు. పైగా కార్బురేటర్ మీటకు కేబుల్ తగిలే చోటు కొలత తప్పినా ఇదే గతి. కాబట్టి ఆ కార్బురేటర్ కోసమే చేసిన సవరణ మీటను కొనండి. బిగించాక ఆయిల్ ఒత్తిడిని గేజ్ పెట్టి చూసిన తర్వాతే రోడ్డెక్కండి. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ కడ్డీ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ఫోర్డ్ సీ4, సీ6 లకు మాడ్యులేటర్ విడిగా ఉంటుంది కనుక కడ్డీ లేకపోయినా బాక్సు బతుకుతుంది, కిక్‌డౌన్ మాత్రం ఉండదు.

మన దగ్గర కాస్త తరచుగా కనిపించే పాత ఆటోమేటిక్ మెర్సిడెస్ డబ్ల్యూ 123. దానికి యాక్సిలరేటర్ కింద కిక్‌డౌన్ స్విచ్, బాక్సు మీద సోలెనాయిడ్, పక్కన ఒక కేబుల్, వ్యాక్యూమ్ గొట్టాలు అన్నీ ఉంటాయి. ఆ కారుకు మెరుగుదల కిట్లు వెతకకండి. ఉన్నవాటిని ఫ్యాక్టరీ కొలతకు తెస్తే చాలు.

మూడు గేర్ల బాక్సు తీసేసి నాలుగు గేర్లది వేయాలా అని అడుగుతారు. గేరు నిష్పత్తుల లెక్క చూడండి. టర్బో 350 లో మొదటి గేరు 2.52, రెండోది 1.52, మూడోది 1. 700 ఆర్ 4 లో 3.06, 1.63, 1, 0.70. మొదటి గేరు బలమైనదే, కానీ అక్కడి నుంచి రెండో గేరుకు పెద్ద అంగ ఉంది. ఘాట్ మలుపుల్లో మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ అనిపించే వేగాలు తగులుతుంటాయి. నాలుగో గేరు, అంటే ఓవర్‌డ్రైవ్, ఇచ్చే సుఖమంతా విజయనగరం వైపు మైదానంలోనే. బిగించడానికి డ్రైవ్ షాఫ్ట్ పొడవు, బాక్సును వెనక మోసే అడ్డదూలం (క్రాస్ మెంబర్) కూడా మారుతుంటాయి. 2021 లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలనుకుంటే, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ నమోదు తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదన్నదీ గుర్తుంచుకోండి.

ఇంకొక ఆచరణ విషయం. ఈ భాగాలు చాలావరకు అమెరికా నుంచి రావాలి. కేబుల్, స్విచ్, మాడ్యులేటర్, షిఫ్ట్ కిట్ ఇవన్నీ డాలస్‌లో ఉన్న మేనల్లుడి సూట్‌కేసులో, వాళ్లమ్మ పంపమన్న వస్తువుల మధ్య ఇమిడిపోతాయి. గేరుబాక్సు ఇమడదు. నా కొనుగోళ్లలో సగం నిర్ణయాలు చేసింది ఆ సూట్‌కేసు కొలతే.

షిఫ్ట్ కిట్ గురించి

షిఫ్ట్ కిట్ అంటే కొత్త స్ప్రింగులు, కొన్ని చిన్న వాల్వులు, ఆయిల్ వెళ్లే పలకలో రంధ్రాలు పెద్దవి చేసుకునే సూచనలు. గేరు మారేటప్పుడు జారుడు తగ్గి గట్టిగా పడుతుంది, క్లచ్‌కు ఆయుష్షు పెరుగుతుంది. రాని కిక్‌డౌన్‌ను అది తెచ్చిపెట్టదు. కేబుల్ సరిచేసి వారం రోజులు నడిపి, అప్పటికీ గేర్లు మెత్తగా జారుతూ పడుతున్నాయనిపిస్తే తెప్పించండి. సాధారణ వాడుక కోసం చేసిన మొదటి స్థాయి కిట్ చాలు.

పూర్తిగా చేత్తోనే మార్చే వాల్వ్ బాడీలు (గేరు మార్చే వాల్వులుండే దిమ్మలు) కూడా అమ్ముతారు. అవి పందేల కోసం. వేసుకుంటే దానంతట అది గేరు మారదు, కిక్‌డౌన్ ఉండదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

గేరు మారే వేగాలే నచ్చకపోతే చూడవలసింది గవర్నర్ బరువులు, స్ప్రింగులు. టర్బో 350 లో గవర్నర్ ఎడమవైపు వెనక, తీగ బిగింపుతో ఉన్న గుండ్రటి మూత కింద ఉంటుంది. పాన్ దించకుండానే తీయవచ్చు.

దిగేటప్పుడు కావలసిన కింది గేరు

ఎక్కేటప్పటి గేరు గురించే అందరూ మాట్లాడతారు. కోరాపుట్ నుంచి జయపురం దిగేటప్పుడు, లేదా పొట్టంగి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు బ్రేకులు మాడిన వాసన వచ్చిందంటే, మీకు కావలసింది కిక్‌డౌన్ కాదు, సెలెక్టర్.

టర్బో 350 లో సెలెక్టర్ డ్రైవ్‌లో ఉండగా పడే రెండో గేరుకు, చేత్తో 2 లోకి లాగితే పడే రెండో గేరుకు తేడా ఉంది. మొదటిది ఒకవైపే పట్టే క్లచ్ మీద నడుస్తుంది. కాలు తీస్తే బండి సైకిల్‌లా స్వేచ్ఛగా జారుతుంది. రెండోదానిలో అదనంగా ఒక బ్యాండ్ బిగుస్తుంది, అప్పుడే ఇంజను బండిని వెనక్కి పడుతుంది. కాబట్టి ఘాట్ మొదలయ్యే బోర్డు కనబడగానే, వేగం పెరగకముందే 2 లోకి లాగండి. మా కారు చక్రం చుట్టుకొలత సుమారు 2.19 మీటర్లు, వెనక ఇరుసు నిష్పత్తి 3.08. ఈ లెక్కన 40 కిలోమీటర్ల వేగానికి ఇంజను మూడో గేరులో దాదాపు 940 చుట్లు, రెండో గేరులో 1,420, మొదటి గేరులో 2,360 తిరుగుతుంది. మూడో గేరు దిగుడులో ఎందుకు పట్టదో ఈ అంకెలే చెబుతాయి. మీ టైరు, ఇరుసు కొలతలతో ఇదే లెక్క ఒకసారి వేసుకోండి.

సెలెక్టర్ లింకేజీ బుష్‌లు అరిగిపోతే ముల్లు 2 మీద ఉన్నా బాక్సు మధ్యలో వేలాడుతుంది. ముందు ఆ బుష్‌లు మార్చండి. ఆ తర్వాత కూడా ప్రతిసారీ చూసి లాగవలసి వస్తోందనిపిస్తే రాచెట్ షిఫ్టర్ మంచి కొనుగోలే. ఒక్కో లాగుకు ఒక్కో గేరే దిగుతుంది, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. పొరపాటున రివర్స్‌లోకి పోకుండా తాళం ఉన్నదే తీసుకోండి. కొన్ని షిఫ్ట్ కిట్లు, వేగం ఎక్కువగా ఉండగా మొదటి గేరు పడకుండా ఫ్యాక్టరీ పెట్టిన రక్షణను తీసేస్తాయి. కొనేముందు సూచనల కాగితంలో ఆ వాక్యం ఉందేమో వెతకండి.

ఎత్తు, వేడి

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకు ఇంజను వ్యాక్యూమ్ పాదరసం కొలతలో ఇంచుమించు ఒక అంగుళం తగ్గుతుంది. కింద 18 అంగుళాలు చూపిన గేజ్ పైకొచ్చేసరికి 15 చూపుతుంది. మాడ్యులేటర్ దీన్ని చూసి ఇంజను బరువు మోస్తోందని అనుకుంటుంది. అందుకే పైన గేర్లు కాస్త ఆలస్యంగా, కాస్త గట్టిగా పడతాయి. కంగారు పడి మాడ్యులేటర్ స్క్రూ తిప్పకండి. కోరాపుట్‌లో మెత్తగా సవరించిన బాక్సు విశాఖపట్నం రోడ్డు మీద జారుతుంది. సవరించగల మాడ్యులేటర్ ఉంటే మీరు ఎక్కువగా తిరిగే ఎత్తులో, ఒక్కసారికి ఒక్క చుట్టు మాత్రమే తిప్పి, నడిపి చూడండి.

కింది గేర్లలో ఎక్కువసేపు ఎక్కితే ఆయిల్ వేడెక్కుతుంది. ఘాట్ మీద తిరిగే బండికి బయటి ఆయిల్ కూలర్‌ను షిఫ్ట్ కిట్ కన్నా ముందు కొనమంటాను. రేడియేటర్‌లోని కూలర్ దాటాక దాన్ని కలపాలి.

బిగించిన తర్వాత

మొదట చదునైన రోడ్డు, తర్వాత చిన్న ఎత్తు, ఆ తర్వాతే ఘాట్. నాలాగా ఎడమవైపు స్టీరింగు ఉన్నవారికి ఒక మాట. లారీ వెనక ఉన్నప్పుడు ఎదురుగా వచ్చేది మీకు కనబడదు. పక్క సీటులో ఉన్నవారు చెబితేనే తెలుస్తుంది. మా ఆవిడ "ఇప్పుడు" అన్నాకే నేను పెడల్ తొక్కుతాను. కిక్‌డౌన్ కొత్తగా పనిచేస్తున్న ఉత్సాహంలో ఆవిడ మాటకు ముందే ఒకసారి తొక్కాను. అప్పటినుంచి ఆవిడ సీటు ముందుకు జరుపుకుని కూర్చుంటోంది.

కేబుల్ సవరణ పూర్తయ్యాక తొడుగు మీద, బ్రాకెట్ మీద కలిసేలా తెల్ల రంగుతో ఒక గీత గీయండి. 500 కిలోమీటర్ల తర్వాత చూస్తే కేబుల్ జరిగిందో లేదో ఆ గీతే చెబుతుంది. కొత్త కేబుల్ మొదట్లో కొంచెం సాగుతుంది. ఒకసారి మళ్లీ బిగించాలి. మొదటిసారి ఘాట్ ఎక్కాక పొట్టంగి దగ్గర టీ కోసం ఆగి, ఇంజను ఆపకుండా డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి.